జ్ఞానస్నానానికి ఏమిద్దాం? వెండి గిన్నె నుంచి కొత్తవాడ జంపఖానా దాకా

నమస్కారం. బల్ల మీద ఐదు వస్తువులున్నాయి, చూడండి. ఇవి వెండి గిన్నె, చెంచా. పక్కన కరీంనగర్ వెండి తీగపని పెట్టె. ఇది చేర్యాల పటం, ఇది నిర్మల్ కొయ్య బొమ్మ. చివర్లో చుట్ట చుట్టి పెట్టింది వరంగల్ కొత్తవాడ జంపఖానా. పసిబిడ్డ జ్ఞానస్నానానికి, అంటే క్రైస్తవులు ఇచ్చే బాప్తిస్మానికి పిలిచారు, ఏం పట్టుకెళ్లాలి? అదీ ఈరోజు మన విషయం. అందంలో ఐదింటికీ వంక పెట్టలేం. నేను మాత్రం అన్నిటికీ ఒకే పరీక్ష పెడతాను: ఐదేళ్ల తర్వాత ఇది ఆ ఇంట్లో ఎక్కడ ఉంటుంది? లాకర్‌లోనా, అటక మీదనా, బిడ్డ వాడుకలోనా?

దుకాణానికి వెళ్లే ముందు ఆహ్వాన పత్రిక సరిగ్గా చదవండి. కాజీపేట ఫాతిమానగర్ కెథడ్రల్ లాంటి కేథలిక్ దేవాలయంలో జరిగేది జ్ఞానస్నానం. అక్కడ బిడ్డకు జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి (విశ్వాసంలో బిడ్డకు తోడుగా నిలిచే పెద్దలు) ఉంటారు, తెల్లని వస్త్రం, కొవ్వొత్తి ఉంటాయి. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలు కూడా పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తాయి. బాప్టిస్టు సంఘాల పద్ధతి వేరు. వాళ్లలో మనిషి ఎదిగి, తన నోటితో విశ్వాసం ఒప్పుకున్న తర్వాతే నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. పసిబిడ్డకు చేసేది ప్రతిష్ఠ ప్రార్థన, అంటే బిడ్డను దేవుడికి అప్పగించే ప్రార్థన మాత్రమే. హనుమకొండలో బాప్టిస్టు కుటుంబాలున్నాయి కాబట్టి ఈ తేడా మనకు అవసరం. ప్రతిష్ఠకు వెళ్లి ‘బాప్తిస్మ శుభాకాంక్షలు’ అని చెక్కిన గిన్నె ఇస్తే వాళ్లు మర్యాదగా నవ్వి తీసుకుంటారు, మళ్లీ బయటకు తీయరు. మరియమాత పతకం, జపమాల కేథలిక్ ఇంటికి సరిపోతాయి, మిగతా ఇళ్లకు నప్పవు. మీరు హిందువులో ముస్లింలో అయి పక్కింటి పిలుపు మీద వెళుతుంటే సిలువ కొనాలేమో అని కంగారు పడకండి. ఆ మతచిహ్నాల సంగతి జ్ఞాన తల్లిదండ్రులు చూసుకుంటారు. మీ నుంచి ఎవరూ దాన్ని ఆశించరు.

ఇక వెండి గిన్నె. మన ఇళ్లలో ఏ మతమైనా పసిబిడ్డకు వెండి పెట్టడం ఉన్నదే, కాబట్టి ఇది ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. అయితే చాలామంది చూడగానే ముచ్చటపడి ఉగ్గుగిన్నె కొంటారు. నేను వద్దంటాను. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ తర్వాత బిడ్డ మెత్తని అన్నం తినడం మొదలుపెడితే కావలసింది వెడల్పాటి గిన్నె. అడుగు చదునుగా ఉండాలి, బిడ్డ చెయ్యి తగిలినా బోర్లా పడకూడదు. అంచు మీద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పి చూడండి, ఎక్కడా గీసుకోకూడదు. లోపలి వైపు నగిషీ ఉన్న గిన్నె అసలు వద్దు, ఆ గీతల్లో అన్నం ఇరుక్కుంటే కడగలేక తల్లి విసిగిపోతుంది. చెంచా కూడా గుండ్రంగా, కురచగా ఉన్నదే తీసుకోండి.

స్వచ్ఛత సంగతి చూద్దాం. 925 అంటే నూటికి 92.5 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. 999 దాదాపు శుద్ధమైన వెండి, కానీ మెత్తన, రెండుసార్లు కింద పడితే సొట్ట పడుతుంది. వెండికి హాల్‌మార్క్ ఇంకా తప్పనిసరి కాదు, ఐచ్ఛికం. 2025 సెప్టెంబరు 1 నుంచి హాల్‌మార్క్ వేసే వెండి మీద ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య కూడా ఉంటోంది. దాన్ని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. ముద్ర లేని సరుకు కొంటుంటే స్వచ్ఛత, తూకం, తరుగు, మజూరీ వేర్వేరుగా బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే పక్క దుకాణానికి వెళ్లండి.

ఇక్కడ నాకు కోపం తెప్పించే సరుకు ఒకటుంది: జర్మన్ సిల్వర్. పేరులో తప్ప ఆ లోహంలో వెండి లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. నికెల్ కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి. పూజ పళ్లేలకూ తాంబూలాలు ఇవ్వడానికీ వాడుకుంటే వాడుకోండి. బిడ్డ నోట్లో పెట్టుకునే గిన్నెగా, చెంచాగా మాత్రం ఇవ్వకండి. వెండి కొనేంత డబ్బు లేకపోతే మంచి స్టీలు గిన్నె ఇవ్వండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

చిరుమువ్వల కడియాలు, పట్టీలు ఈ బల్ల మీద పెట్టలేదు. మువ్వ ఊడితే నేరుగా బిడ్డ నోట్లోకే వెళుతుంది. అంతకు మించి వాటి గురించి చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు ఈ తీగపని పెట్టె. దగ్గర నుంచి చూపిస్తాను. కరీంనగర్ వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ముందు వెండిని సన్నని తీగగా లాగుతారు, రెండు తీగలను కలిపి మెలిపెడతారు, తర్వాత నొక్కి చదును చేస్తారు. కాస్త మందపాటి తీగతో ఆకు, పువ్వు చట్రాలు కట్టి, వాటి లోపల ఈ సన్న తీగను చుట్లు చుట్లుగా నింపుతారు. వెలిగారం వేసి అతుకుతారు. ఇదంతా చేత్తో చేసే పనే, అందుకే తూకం తక్కువైనా మజూరీ ఎక్కువ. ఆ మజూరీ దగ్గర బేరమాడకండి, మీరు కొంటున్నది ఆ పనినే.

కానుకగా ఇది ఎలాంటిది? పెద్దయ్యాక బిడ్డ దాచుకోదగిన వస్తువు. పాలపళ్లు, ఆసుపత్రిలో చేతికి కట్టిన పట్టీ, జ్ఞానస్నానం నాటి చిన్న ఫొటో, ఇవన్నీ ఇందులో పడతాయి. రెండు ఇబ్బందులున్నాయి. తీగల మధ్య ఖాళీలే కాబట్టి పేరు చెక్కించడానికి చోటు ఉండదు. అడుగున రేకు ఉన్న పెట్టె అడిగి తీసుకుంటే దాని మీద చెక్కించవచ్చు. రెండోది నలుపెక్కడం. గాలిలోని గంధకంతో వెండి నల్లబడుతుంది, తీగల సందుల్లో ఆ నలుపు పోదు. పళ్లపొడి పెట్టి రుద్దితే పొడి లోపలే ఉండిపోతుంది. గిన్నె అడుగున అల్యూమినియం రేకు పరిచి, వేడి నీళ్లలో వంటసోడా కలిపి, పెట్టె రేకుకు తగిలేలా కాసేపు ఉంచండి. నలుపు చాలావరకు వదులుతుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాలి. రబ్బరుబ్యాండు వేసి దాచకండి, అందులోనూ గంధకం ఉంటుంది. జ్ఞాన తల్లిదండ్రులకూ అమ్మమ్మ తాతయ్యలకూ ఇది సరైన కానుక. ఆఫీసు స్నేహితులు ఇస్తే తీసుకునేవాళ్లకే మొహమాటంగా ఉంటుంది.

నిర్మల్ బొమ్మ. పొనికి కర్ర చాలా తేలిక, రంగులు కళ్లు తిప్పుకోనివ్వవు. కానీ ఇది షోకేసు బొమ్మ. పసిబిడ్డ ఏది దొరికినా చప్పరిస్తుంది, ఈ రంగులు అందుకోసం వేసినవి కావు. పక్కన పెడదాం.

చేర్యాల పటం మీద నాకు మమకారం ఎక్కువ, ముందే చెబుతున్నాను. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల ఒకప్పుడు మన వరంగల్ జిల్లాలోదే. చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసిన బట్ట మీద ఆ ఎర్రని నేపథ్యంతో నకాషీలు, అంటే ఈ పటాల చిత్రకారులు, కథలు గీస్తారు. క్రైస్తవ వేడుకకు ఈ శైలి ఏం నప్పుతుంది అంటారా? డోర్నకల్ వెళ్లి ఎపిఫనీ కెథడ్రల్ చూడండి. డోర్నకల్ బిషప్ అజరయ్య కాలంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన ఆ గుడిలో దేవాలయపు స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి. పైగా ఎపిఫనీ పండుగ జ్ఞానులు పసిబాలుడైన యేసుకు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చిన రోజు. ఆ కానుకల ఘట్టాన్నే చిన్న పటంగా గీయగలరా అని ముందుగా చిత్రకారులను అడిగి చూడండి. ఇది గోడ మీద, బిడ్డ చేతికి అందని ఎత్తులో ఉండాలి.

ఇక నా ఓటు దేనికో చెబుతాను. జంపఖానాకే. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలుతో నేసింది, రెండు వైపులా పరుచుకోవచ్చు, ఉతుక్కోవచ్చు. బిడ్డ బోర్లా పడేది, పాకేది, బొమ్మలు పరుచుకుని కూర్చునేది దీని మీదే. ఐదేళ్ల తర్వాత హోంవర్కు కూడా దీని మీదే చేస్తుంది. తడి తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్ది చూడండి, రంగు అంటితే అది వద్దు. చివర్ల కుచ్చులు బిడ్డ పీకి నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి అంచు మడిచి కుట్టించి ఇవ్వండి. మంచం కింద చుట్టి పెట్టుకునే వెడల్పు చాలు, హాలంతా పరుచుకునేది కొంటే అది పెద్దవాళ్ల సామాను అయిపోతుంది.

డబ్బు కవరు ఇవ్వడంలో తప్పేమీ లేదు. ఆడపిల్ల అయితే, తల్లిదండ్రులు సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి ఉంటే, అందులో వేయమని చెప్పి ఇవ్వండి.

చివరగా పేరు. గిన్నె మీద చెక్కించినా, జంపఖానా మూలన గుడ్డ ముక్క మీద కుట్టించినా, ముందు తల్లిదండ్రులను అడగండి. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, జ్ఞానస్నానంలో పెట్టే పునీతుల పేరు మరొకటి ఉండవచ్చు. తెలుగులో చెక్కిస్తుంటే అక్షరం పెద్దదిగా పెట్టించండి, చిన్నదైతే ఒత్తులు కలిసిపోయి చదవలేం. పేరు, తేదీ వాళ్ల చేతనే కాగితం మీద రాయించుకుని, ఆ కాగితాన్నే చెక్కే మనిషికి ఇవ్వండి. ఫోనులో చెప్పకండి.