వెనక్కి తిప్పి చూడండి

సభకు నమస్కారం. పెద్దలందరికీ పేరుపేరునా నమస్కరిస్తూ పోతే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ అక్కడే అయిపోతాయి, మన్నించాలి.

అంతగా పేరు వినపడని ఐరోపా చిత్రకారుల గురించి మాట్లాడమన్నారు. పేరు లేకపోవడం వేరు, ఉన్న పేరును చెరిపేయడం వేరు. నా బాధంతా రెండోదాని గురించే.

జూడిత్ లైస్టర్ సంగతి చూడండి. 1609లో హాలండులోని హార్లెంలో పుట్టింది. 1633 నాటికే ఆ ఊరి చిత్రకారుల సంఘంలో సభ్యురాలు, ఆపై శిష్యులున్న గురువు. ఒక శిష్యుడు ఆమెను వదిలి, అదే ఊళ్లోని పేరుమోసిన చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ దగ్గర చేరితే ఆమె ఊరుకోలేదు, సంఘంలో ఫిర్యాదు చేసింది. హాల్స్‌కు జరిమానా పడింది! బతికుండగా అంత గట్టిగా నిలబడ్డ మనిషి బొమ్మలు, పోయాక, ఆ హాల్స్ పేరు మీదే అమ్ముడుపోయాయి. 1893లో హాఫ్‌స్టెడె డె గ్రోట్ అనే పండితుడు హాల్స్‌దిగా చలామణి అయిన ఒక చిత్రం మీద ఆమె పొడి అక్షరాలనూ, పక్కనే చిన్న నక్షత్రాన్నీ గుర్తుపట్టాడు. ఒక గొప్ప చిత్రకారిణి దొరికిందని కొన్నవాళ్లు పండగ చేసుకున్నారా? లేదు, హాల్స్ కాదని తగువుకు దిగారు. ఆ పండితుడు జీవితమంతా రాసి పెట్టుకున్న చీటీల పునాది మీదే 1932లో హేగ్‌లో కళాచరిత్ర సంస్థ ఏర్పడింది. అక్కడి చిత్రకారుల వివరాలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఉచితంగా వెతుక్కోవచ్చు.

ఇక్కడ డచ్చి ప్రకృతి చిత్రాల గురించి చెప్పాలని రాసుకొచ్చాను. అది పక్కన పెడతాను. ఒక ఫ్రేముల దుకాణం గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నా దగ్గర ఒక చిన్న నదీతీర చిత్రం ఉంది, సంతకం లేదు. వెనుక చెక్క చట్రం మీద సగం చిరిగిన చీటీ, దాని మీద సిరాతో ఒక అంకె, పక్కన ఊదారంగు రబ్బరు ముద్ర. ఫ్రేము మూల ఊడితే బిగించమని ఇచ్చాను. తిరిగి వచ్చేసరికి వెనుకంతా కొత్త ప్లైవుడ్! చీటీ ఏదయ్యా అంటే, "పాత కాగితాలే కదండీ, చెదలు పడతాయని తీసేశాం, దానికి డబ్బులేమీ తీసుకోలేదు" అన్నాడు. డబ్బు తీసుకోలేదట!

అయ్యా, అమ్మా, ఆ కాగితమే దాని జాతకం. లండన్ వేలంసంస్థ క్రిస్టీస్ పటాల వెనుక నల్ల అంకెలు అచ్చు వేసేది. ఆ అంకెతో ఏ వేలంలో అమ్మారో వాళ్ల పాత రికార్డుల్లో వెతకవచ్చు. కాన్వాసు వెనుక, రంగులూ కాన్వాసులూ అమ్మే విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీ ముద్రలో 'లిమిటెడ్' అని ఉంటే, అది 1882కు ముందుది కాదు. ముందువైపు సంతకం మాత్రం ఎవరైనా తర్వాత చేర్చగలరు. భూతద్దం పెట్టండి. సంతకం రంగు పాత పగుళ్లలోకి దిగిందంటే, పగుళ్లొచ్చాక రాసిందన్నమాట.

మీ ఇళ్లలో తాతల నాటి విదేశీ పటాలు ఎంతమందికి ఉన్నాయి, చేతులెత్తండి. చాలానే ఉన్నాయే! వెనుక దుమ్ము తుడవకండి, ముందు ఫోనుతో ఫొటో తీయండి. పటం వెంట తెచ్చినవాళ్లు టీ తర్వాత ఆ కిటికీ దగ్గరికి రండి, భూతద్దమూ అతినీలలోహిత దీపమూ తెచ్చాను. నిర్వాహకులు కాస్త ఆ తెరలు వేయించాలి.