కెన్ డ్రైడెన్: ఆరు కప్పులు, ఆగిపోయిన ఒక పథకం

(తెరపై: మంచు మైదానం. నిలబెట్టిన స్టిక్ మీద రెండు చేతులూ వేసి, వాటి మీద గడ్డం ఆనించిన గోల్‌కీపర్.)

ఆట అవతలి కొసన జరుగుతుంటే ఈ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి ఇలాగే నిలబడి చూసేవారు. కెనడాలో పాతతరం ఐస్ హాకీ అభిమానులు ఈ ఒక్క భంగిమ చూసి పేరు చెప్పేస్తారు. కెన్ డ్రైడెన్.

1947లో హామిల్టన్‌లో పుట్టారు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో చరిత్ర చదివారు. తర్వాత మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో లా చదువుతూనే మాంట్రియల్ కెనడియన్స్ జట్టులోకి వచ్చారు.

అది 1971. రెగ్యులర్ సీజన్‌లో ఆయన ఆడింది 6 మ్యాచ్‌లే. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే ఎదురైంది బోస్టన్ బ్రూయిన్స్, అంతకుముందు ఏడాది ఛాంపియన్లు. ఆ సీజన్‌లో వాళ్ల ఫిల్ ఎస్పొసీటో ఒక్కడే 76 గోల్స్ కొట్టాడు. అలాంటి జట్టుకి ఎదురుగా 23 ఏళ్ల లా స్టూడెంట్‌ని నిలబెట్టారు. ఎంత టెన్షన్ ఉండుంటుందో ఊహించండి! సిరీస్ 7 మ్యాచ్‌ల దాకా సాగింది, మాంట్రియల్ గెలిచింది. చివరికి లీగ్ ఛాంపియన్లకిచ్చే స్టాన్లీ కప్ కూడా వాళ్లదే. ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడి ట్రోఫీ డ్రైడెన్‌కి దక్కింది. కొత్త ఆటగాళ్లకిచ్చే ట్రోఫీ మాత్రం మరుసటి ఏడాది వచ్చింది!

(తెరపై: 397 మ్యాచ్‌లు. 258 గెలుపులు. 57 ఓటములు.)

8 సీజన్లలో 6 స్టాన్లీ కప్పులు. మధ్యలో 1973లో జీతం దగ్గర పేచీ వస్తే, ఒక సీజన్ మొత్తం ఆట వదిలేసి టొరంటోలో ఒక లాయర్ ఆఫీసులో జూనియర్‌గా చేరిపోయారు. 1979లో, 31 ఏళ్లకే రిటైరయ్యారు. తర్వాత పుస్తకాలు రాశారు, టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టుకి అధ్యక్షుడిగా ఉన్నారు.

నాకు మాత్రం ఆయన జీవితంలో అసలు ఘట్టం ఇక్కడే మొదలవుతుంది అనిపిస్తుంది.

(తెరపై: ఒట్టావా పార్లమెంటు భవనం.)

2004లో లిబరల్ పార్టీ తరఫున టొరంటోలోని యార్క్ సెంటర్ నియోజకవర్గం నుంచి ఎంపీగా గెలిచి, ప్రధాని పాల్ మార్టిన్ ప్రభుత్వంలో సామాజికాభివృద్ధి మంత్రి అయ్యారు. చేపట్టిన పని, దేశమంతటా పసిపిల్లల సంరక్షణ. 5 ఏళ్లకు 500 కోట్ల డాలర్లు. అక్కడ ఇది రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం. అక్కడి మాటలో ప్రావిన్సులు. కాబట్టి ఒక్కొక్కరితో విడివిడిగా కూర్చుని మాట్లాడాలి. 2005 నవంబరు చివరికల్లా పది ప్రావిన్సులతోనూ ఒప్పందాలు కుదిరాయి.

అదే నవంబరులో ప్రభుత్వం పడిపోయింది. 2006 జనవరి ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీ నాయకుడు స్టీఫెన్ హార్పర్ గెలిచారు. ఆ ఒప్పందాలను రద్దు చేసి, ఆరేళ్లలోపు ప్రతి బిడ్డకూ నెలకు 100 డాలర్లు నేరుగా తల్లిదండ్రులకిచ్చే పద్ధతి పెట్టారు. చేతికి డబ్బొస్తే మంచిదేగా అంటారా? డేకేర్‌లో సీటే దొరకని తల్లికి ఆ 100 డాలర్లు సీటు తెచ్చిపెట్టవు. డ్రైడెన్ కట్టాలనుకున్నది ఆ సీట్లను, వాటి వెనక టీచర్లను.

అదే ఏడాది పార్టీ నాయకత్వానికి పోటీ చేసి ఓడిపోయారు. 2011లో పార్లమెంటు సీటూ పోయింది.

2021 బడ్జెట్‌లో లిబరల్ ప్రభుత్వం 5 ఏళ్లకు 3,000 కోట్ల డాలర్లు ప్రకటించింది. సగటున రోజుకు 10 డాలర్లకు డేకేర్ లక్ష్యం. టొరంటో చుట్టుపక్కల పిల్లల్ని పెంచుతున్న మన తెలుగు కుటుంబాలకు కూడా ఇది ఇంటి బడ్జెట్ సంగతే. మళ్లీ ఒక్కో ప్రావిన్సుతో ఒప్పందం చేసుకుంటూ పోయారు, డ్రైడెన్ చేసినట్టే. 2025 సెప్టెంబరు 5న, 78 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో ఆయన కన్నుమూసేనాటికి ఆ డేకేర్లు నడుస్తున్నాయి.