థేమ్స్ గట్టు దారి: 184 మైళ్లు, శనివారానికో మజిలీ

నమస్కారం అండి. థేమ్స్ నది పుట్టిన చోటు నుంచి లండన్ వరద గేట్ల దాకా, నది పక్కనే ఒక కాలిదారి ఉంది. పేరు థేమ్స్ పాత్. పొడవు 184 మైళ్లు, అంటే మూడు వందల కిలోమీటర్లకు కొంచెం తక్కువ. 1996లో దీన్ని నేషనల్ ట్రైల్‌గా, అంటే అధికారికంగా గుర్తించిన దూరపు నడకదారిగా తెరిచారు. దారి పొడుగునా స్తంభాల మీద, గేట్ల మీద ఓక్ కాయ బొమ్మ కనిపిస్తుంది. అదే గుర్తు. ఏకబిగిన నడిస్తే రెండు వారాల పని. అన్ని రోజులు సెలవు దొరకనివాళ్లు, నెలకో రెండు శనివారాలు మాత్రం తీరిక చేసుకోగలిగినవాళ్లు ఏం చేయాలో ఈ వీడియోలో చెప్పుకుందాం. రెడింగ్, స్లౌ, మెయిడెన్‌హెడ్ వైపు ఉండే మనవాళ్లకైతే ఈ దారి దాదాపు ఇంటి గుమ్మంలోనే ఉంది.

మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాట్లు రెండు. ఒకటి, 184ని 12తో భాగించి పదిహేను మజిలీలని కాగితం మీద రాసుకోవడం. పన్నెండో మైలు దగ్గర పొలమో పశువుల మేతబీడో ఉంటుంది కానీ రైలు స్టేషన్ ఉండదు కదండీ. రెండోది, నది పుట్టిన చోటు కాబట్టి అక్కడి నుంచే నడక మొదలుపెట్టాలనుకోవడం. మజిలీ ఎక్కడ ఆగాలన్నది రైలు తేలుస్తుంది. ఏ మజిలీ ఎప్పుడు నడవాలన్నది కాలం తేలుస్తుంది. నది వరుస పట్టుకుని వెళ్తే, బురద నెలల్లో బురద చోట్లలోనే ఇరుక్కుంటారు.

ముందు రైళ్ల సంగతి. ఆక్స్‌ఫర్డ్‌కు ఎగువన గట్టుకు దగ్గరలో ఉన్న స్టేషన్ ఒక్కటే, మొదట్లోని కెంబుల్. క్రిక్లేడ్, లెచ్‌లేడ్, న్యూబ్రిడ్జ్, వీటిల్లో దేనికీ రైలు లేదు. ఆక్స్‌ఫర్డ్ దాటాక కథ మారిపోతుంది. రాడ్లీ, కల్లమ్, గోరింగ్, పాంగ్‌బోర్న్, టైల్‌హర్స్ట్, రెడింగ్, షిప్‌లేక్, హెన్లీ, మార్లో, బోర్న్ ఎండ్, కుకమ్, మెయిడెన్‌హెడ్, విండ్సర్, డాచెట్, స్టెయిన్స్, ఇలా స్టేషన్లు వరసగా వస్తూనే ఉంటాయి. అందుకని అలవాటు అయ్యేదాకా మధ్య భాగంలో నడవండి.

మొదటి మజిలీకి గోరింగ్ నుంచి పాంగ్‌బోర్న్ బాగుంటుంది. నాలుగు మైళ్లే. రెండు స్టేషన్లూ ఒకే లైను మీద పక్కపక్కనే ఉన్నాయి, రైల్లో ఐదు నిమిషాలు. మధ్యలో హార్ట్స్‌లాక్ అడవి దగ్గర చిన్న ఎక్కుడు వస్తుంది. ఈ దారి మొత్తంలో ఎక్కుడు అనదగ్గది దాదాపు ఇదొక్కటే. షూ ఎక్కడ కరుస్తోంది, బ్యాగు ఎంత బరువుంది, మీ అసలు వేగం ఎంత, ఈ మూడూ ఆ నాలుగు మైళ్లలోనే తెలిసిపోతాయి.

కారుంటే దాన్ని మజిలీ చివరి స్టేషన్‌లో పెట్టండి, మొదట్లో కాదు. పొద్దున రైల్లో మొదటి చోటుకి వెళ్లి, కారు వైపు నడుచుకుంటూ రండి. అప్పుడు సాయంత్రం రైలు తప్పిపోతుందన్న కంగారు ఉండదు. ఆలస్యమైనా కారు మీకోసమే ఉంటుంది కదా! మొదట్లో కారు పెట్టినవాళ్లు చివరి రెండు మైళ్లు గడియారం చూసుకుంటూ పరుగెడతారు, కాలు మడత పడేది అప్పుడే. ఇంకో మాట, ఆదివారాల్లో పట్టాల మరమ్మతులు ఎక్కువ. రైలు బదులు బస్సు వేస్తారు, అరగంట దారి గంటన్నర అవుతుంది. శుక్రవారం రాత్రే నేషనల్ రైల్ యాప్‌లో చూసుకోండి.

ఈ కిటుకు పారని చోటు ఒకటుంది, హెన్లీ నుంచి మార్లో. ఎనిమిదిన్నర మైళ్లు, థేమ్స్ మొత్తంలో ఎంతో అందమైన నడక. కానీ హెన్లీకి ట్వైఫర్డ్ నుంచి ఒక కొమ్మ లైను, మార్లోకి మెయిడెన్‌హెడ్ నుంచి ఇంకో కొమ్మ లైను. మార్లోలో కారు పెట్టి హెన్లీకి వెళ్లాలంటే మూడు రైళ్లు మారాలి, పొద్దున గంట పైనే పోతుంది. ఈ ఒక్క మజిలీకి కారు ఇంట్లోనే వదిలేయండి. వెళ్లేటప్పుడు ఒక కొమ్మ, వచ్చేటప్పుడు ఇంకో కొమ్మ. జులై మొదట్లో మాత్రం హెన్లీ వైపు పోకండి, పడవ పందేలు. గట్టు మీద అడుగు పెట్టే సందు ఉండదు.

ఇప్పుడు వేగం లెక్క. చదునైన గట్టు మీద గంటకు మూడు మైళ్లు నడుస్తామని అందరూ అనుకుంటారు. గేట్లు తీయడం, ఫొటోలు, చలికోటు తీయడం వేయడం కలుపుకుంటే చేతికొచ్చేది రెండున్నర. బురదలో రెండు. అంటే తొమ్మిది మైళ్లకు ఎండాకాలంలో భోజనంతో కలిపి నాలుగు గంటలు దాటుతుంది, చలికాలంలో ఐదు. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దు గుంకుతుంది. పదకొండింటికి తీరిగ్గా బయలుదేరితే చివరి మైలు చీకట్లోనే. చలికాలంలో ఏడు మైళ్లకు మించి పెట్టుకోకండి, తలకు కట్టుకునే లైటు బ్యాగులో ఉంచండి.

కాలం లెక్కకు వద్దాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా లండన్ భాగం నడవండి. కింగ్‌స్టన్, రిచ్‌మండ్, పట్నీ, టవర్ బ్రిడ్జ్, గ్రీనిచ్. కింద చాలాచోట్ల గట్టి నేల, అరగంటకో స్టేషన్, వాన ఎక్కువైతే లోపలికి వెళ్లి కూర్చోవడానికి చోటు. అక్కడ చూసుకోవాల్సింది బురద కాదు, ఆటుపోటు. లాకంటే పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి దాటించే గేట్లు. టెడింగ్టన్ లాకుకు దిగువన థేమ్స్‌కి సముద్రపు పోటు తగులుతుంది. పున్నమికీ అమావాస్యకీ దగ్గర రోజుల్లో పెద్ద పోటు వచ్చినప్పుడు రిచ్‌మండ్, ట్వికెన్‌హామ్, పట్నీ దగ్గర గట్టు మీదికే నీళ్లొస్తాయి. గంటో రెండు గంటలో ఆగితే అవే దిగిపోతాయి. పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పెట్టే పోటు వేళలు చూసుకుని బయలుదేరితే ఆ ఆగడమూ ఉండదు.

మార్చి, ఏప్రిల్, అక్టోబరు నెలలకు రెడింగ్ నుంచి స్టెయిన్స్ దాకా సరిపోతుంది. మే నుంచి సెప్టెంబరు వరకు పైభాగం, అంటే కెంబుల్ నుంచి ఆక్స్‌ఫర్డ్. అక్కడ ఒండ్రు మట్టి మేతబీళ్లు. చలికాలంలో నది గట్టు దాటి బీళ్ల మీద పరుచుకుంటే దారి ఎక్కడుందో కూడా కనపడదు. ఒక్క మినహాయింపు ఉంది. క్రిక్లేడ్ దగ్గరి నార్త్ మెడో బీడులో ఏప్రిల్ చివర్లో ఫ్రిటిలరీ పూలు పూస్తాయి, ఊదారంగు గళ్లతో, తల వంచుకుని. ఆ ఏడు వరద లేకపోతే ఆ మజిలీ అప్పుడే నడవండి.

మన గోదావరి జిల్లాలవాళ్లకు లాకులంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం కాలవల మీద చూసినవే. ఇక్కడ లెచ్‌లేడ్ దగ్గరి సెయింట్ జాన్స్ లాకుతో మొదలై టెడింగ్టన్ వరకు వస్తూనే ఉంటాయి. నడిచేవాళ్లకు లాకులు నాలుగు రకాలుగా పనికొస్తాయి. బెంచీ ఉంటుంది. కొన్నిచోట్ల కుళాయి, మరుగుదొడ్డి ఉంటాయి. ప్రతి లాకు మీదా పేరు రాసి ఉంటుంది కాబట్టి, ప్రమాదం జరిగి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేస్తే ఆ పేరు చెబితే చాలు. నాలుగోది నీటి వేగం బోర్డులు. పసుపు బోర్డుంటే నీటి ఉరవడి పెరుగుతోందనో తగ్గుతోందనో రాసి ఉంటుంది. ఎర్ర బోర్డుంటే ఉరవడి గట్టిగా ఉందని అర్థం. బోర్డులు పడవలవాళ్ల కోసమే పెట్టినా, ఎగువన ఎర్రబోర్డులు వరసగా ఉన్నాయంటే బీళ్లలో నీళ్లు నిలిచి ఉంటాయని మనకూ అర్థమవుతుంది. ఇంట్లోంచే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ సైట్‌లో చూడొచ్చు.

దారి హఠాత్తుగా నదిని వదిలి ఇళ్ల మధ్యలోకి పోతే తప్పిపోయామని కంగారు పడకండి. టైల్‌హర్స్ట్‌కు ముందు పర్లీ దగ్గర, షిప్‌లేక్ దగ్గర అలాగే జరుగుతుంది. ఇది ఒకప్పుడు గుర్రాలు తాడు కట్టి పడవలు లాగిన గట్టు. ఆ గట్టు ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి మారిన చోట గుర్రాన్ని రేవు దాటించేవాళ్లు. రేవు పడవలు ఆగిపోయాక దారికి చుట్టూ తిరగడం తప్పలేదు. ఇప్పటికీ రేవు బతికున్న చోటు షెప్పర్టన్. అక్కడ గంట కొడితే పావుగంటకోసారి పడవ వస్తుంది. అది లేని వేళల్లో వాల్టన్ వంతెన మీదుగా వెళ్లాలి. విండ్సర్ తర్వాత డాచెట్ ఊళ్లోంచి నడిపించేదీ చుట్టుదారే, కానీ కారణం వేరు. ఇవతలి ఒడ్డున ఉన్నది రాజుగారి తోట.

వంతెనలు మూసేయడం ఇంకో తలనొప్పి. భద్రత కోసమని 2022లో హెన్లీ దగ్గరి మార్ష్ లాకు చెక్క వంతెననీ, 2023లో హర్లీ దగ్గరి టెంపుల్ వంతెననీ మూసేశారు. ఇలాంటివి నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగుతాయి. పుస్తకంలో ఉండవు. బయలుదేరే ముందు నేషనల్ ట్రైల్స్ సైట్‌లో థేమ్స్ పాత్ పేజీ తీసి, మళ్లింపులు చదివి, ఆ ముక్క ఫోన్‌లో దాచుకోండి.

పైభాగం గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది ఆపేసేది అక్కడే. కెంబుల్ స్టేషన్ నుంచి నది పుట్టిన చోటు మైలున్నర. అక్కడో రాయి, ఒక చెట్టు, అంతే. ఎండాకాలంలో చుక్క నీరుండదు. మొదటి రెండు మూడు మైళ్లు ఎండిన పల్లం వెంట నడుస్తూ, ఇదేనా థేమ్స్ అని అనుమానపడతారు. అదేనండి. అక్కడి నుంచి క్రిక్లేడ్ పన్నెండు మైళ్లు, ఆపైన లెచ్‌లేడ్ పదకొండు. ఈ రెండూళ్లకూ స్విండన్ నుంచి బస్సు దొరుకుతుంది కాబట్టి శనివారం నడవండి, ఆదివారం మీద ఆశ పెట్టుకోకండి.

లెచ్‌లేడ్ నుంచి న్యూబ్రిడ్జ్ పదహారు మైళ్లు. మధ్యలో రాడ్‌కాట్, టాడ్‌పోల్ వంతెనల దగ్గర ఒక్కో పబ్బు తప్ప ఊరు లేదు, ఫోన్ సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. రెండు కార్లతో, అటొకటి ఇటొకటి పెట్టి, రాడ్‌కాట్ దగ్గర విరిచి రెండు శనివారాలుగా నడవచ్చు. కానీ కార్లు సర్దడానికే పొద్దుటి వేళ అంతా పోతుంది. రాత్రి పబ్బు గదిలో పడుకుని, రెండు రోజులు వరసగా నడవడమే మేలు. గదులు తక్కువ కాబట్టి వేసవిలో ముందే బుక్ చేసుకోవాలి. న్యూబ్రిడ్జ్ దాటాక ఏడెనిమిది మైళ్లకు స్విన్‌ఫర్డ్ వంతెన వస్తుంది. కారుకు 5 పెన్నీల సుంకం ఇప్పటికీ వసూలు చేసే వంతెన అది. అక్కడ ఆగితే పక్కనే ఐన్షమ్, ఆక్స్‌ఫర్డ్‌కు బస్సులు బాగానే ఉన్నాయి.

మేతబీళ్లలో ఆవులుంటాయి. మన ఊరి గేదె అనుకుని దగ్గరకెళ్లి తట్టకండి. దూడతో ఉన్న ఆవుకీ దూడకీ మధ్యలోంచి అసలు పోవద్దు. దూరంగా చుట్టి వెళ్లి, మళ్లీ దారి కలుపుకోండి. కుక్కను తీసుకెళ్తే గొలుసుతోనే నడిపించండి, ఆవులు మీదికొస్తే మాత్రం గొలుసు వదిలేయండి. వాటి కోపం కుక్క మీద, మీ మీద కాదు. కుక్క తప్పించుకోగలదు. గేటు ఎలా ఉందో అలాగే వదలండి, మూసుంటే మూసి, తీసుంటే తీసి. జూన్ తర్వాత దారి పక్క నెటిల్ మొక్కలు నడుము ఎత్తు పెరుగుతాయి, మన దురదగొండిలాగే మంటపెడతాయి. నిక్కర్లు వద్దు. పొడుగు ప్యాంటు వేస్తే గడ్డిలోని పిడుదులు కూడా చర్మం దాకా రావు. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, గజ్జల్లో చూసుకోండి. పిడుదు కరిచిన చోట కొన్నాళ్లకు ఎర్రటి వలయం పాకితే డాక్టర్‌కి చూపించాలి.

చదునైన దారిలో పాదాలు బొబ్బలెక్కడం వింతగా అనిపిస్తుంది కానీ కారణం ఆ చదునే. కొండ మీద అడుగు అడుగుకీ ఒత్తిడి మారుతుంది, గట్టు మీద అదే చోట వేలసార్లు రాపిడి. షూ అర సైజు పెద్దది తీసుకోండి, ఉన్ని సాక్సు రెండో జత పెట్టుకుని భోజనం దగ్గర మార్చండి. వేడిగా చురుక్కుమన్న క్షణమే ఆగి టేపు వేయాలి. ఇంకో మైలు చూద్దాం అనుకుంటే బొబ్బ తయారు. మంచినీళ్లు మనిషికి లీటరున్నర. పులిహోర ఈ నడకకి పుట్టినట్టుంటుంది. పెరుగన్నం మాత్రం చలికాలానికి ఉంచుకోండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో వాళ్లతో నడవడానికి మార్లో నుంచి బోర్న్ ఎండ్ మూడు మైళ్లు, కుకమ్ నుంచి మెయిడెన్‌హెడ్ మరో మూడు మైళ్లు. చదునే, మోకాళ్లకు ఇబ్బంది ఉండదు. ఈ స్టేషన్లన్నీ ఒకే కొమ్మ లైను మీద ఉన్నాయి. రైలు గంటకోసారి, అదొక్కటే గుర్తుపెట్టుకోండి.

మజిలీ ముగించిన చోట గేటో, లాకో, వంతెనో ఫొటో తీసి మ్యాప్‌లో గుర్తు పెట్టండి. వరుస తప్పించి నడుస్తున్నాం కాబట్టి, మధ్యలో అర మైలు వదిలేశామన్న సంగతి చివర్లో బయటపడి, దానికోసం ఇంకో రైలు టికెట్ కొనాల్సి వస్తుంది. ముఖ్యంగా స్టేషన్‌కీ గట్టుకీ మధ్య దూరం ఉన్నచోట, వెళ్లిన వంతెనకే తిరిగొచ్చి మొదలుపెట్టండి.

చివరి మజిలీ గ్రీనిచ్ నుంచి వరద గేట్లు. ఎక్కువ భాగం ఫ్యాక్టరీ గోడల పక్కన, చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, గేట్లు మాత్రం బ్రహ్మాండంగా ఉంటాయి. అక్కడ ఆగిపోతే దగ్గరి స్టేషన్ చార్ల్‌టన్. ఓపికుంటే ఇంకో మైలు పైచిలుకు దిగువకి నడిచి వులిచ్ చేరండి. ఎలిజబెత్ లైనులో రెడింగ్ వెళ్లే రైలు చూసి ఎక్కితే మారే పనే లేదు. కాంటాక్ట్‌లెస్ కార్డు రెడింగ్ దాకా పనిచేస్తుంది. లండన్ ప్రయాణాల ఆయిస్టర్ కార్డు మాత్రం వెస్ట్ డ్రేటన్ దాటితే చెల్లదు.