పద్దు అని వెతికిన మనిషికి ఏం చూపాలి: లినక్స్ మెనూ రచన, విడుదల గురించి

సభలోని విద్యార్థులకు, అధ్యాపకులకు, నన్ను పిలిచిన మిత్రులకు నమస్కారం.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ డెస్క్‌టాప్ మీద నడిచే ఒక అప్లికేషన్ మెనూను, అంటే ప్రోగ్రాములను వెతికి తెరిచే జాబితాను, మేము ముగ్గురం హన్మకొండలో రాసి, ఓపెన్ సోర్సుగా (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకునేలా) విడుదల చేసి, ఇప్పటికీ నిర్వహిస్తున్నాం. ఆ పని ఎలా సాగిందో చెప్పే ముందు, దాని దిశను మార్చిన ఒక సంఘటన చెబుతాను. ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణంలో పాత కంప్యూటరుకు లినక్స్ ఎక్కించి, మా మెనూ పెట్టి ఇచ్చాం. అక్కడి గుమాస్తా మెనూ తెరిచి, వెతికే పెట్టెలో తెలుగులో 'పద్దు' అని కొట్టాడు. ఏమీ రాలేదు. "సార్, ఇందుల పద్దులు రాసుకునేది లేదా?" అని అడిగాడు. ఉంది. లిబ్రేఆఫీస్ కాల్క్ అనే పేరుతో ఉంది. ఆ పేరు ఆయనకు తెలియాల్సిన అవసరం లేదని నాకు ఆ రోజే అర్థమైంది.

అసలు మెనూకు తనంతట తానుగా ఏ ప్రోగ్రామూ తెలియదు. లినక్స్‌లో మెనూలో కనిపించాల్సిన ప్రతి అప్లికేషనూ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు, డాట్ డెస్క్‌టాప్ అని ముగిసే ఒక చిన్న ఫైలును ఒక నిర్ణీత ఫోల్డరులో పెడుతుంది. పేరు, వివరణ, ఐకాన్, నడిపించే ఆదేశం, అది ఏ వర్గానికి చెందుతుంది అన్నవన్నీ అందులో ఒక్కొక్క వరుసగా ఉంటాయి. ఈ ఫైళ్లు ఎలా ఉండాలో 2000లో మొదలైన ఫ్రీడెస్క్‌టాప్ వేదిక నిర్దేశించినందువల్లనే గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మూడు డెస్క్‌టాప్‌లూ ఒకే ఫైలును చదవగలుగుతున్నాయి. వాడుకరి హోమ్ ఫోల్డరులో అదే పేరుతో మరో ఫైలు ఉంటే, వ్యవస్థలో ఉన్నదాని కంటే దానికే ప్రాధాన్యం. ఆదేశం వరుసలో శాతం గుర్తు పక్కన వచ్చే అక్షరాలు, తెరవాల్సిన ఫైళ్ల వంటివాటికి స్థానాలు. వాటిని సరిగ్గా విడదీయకుండా వరుస మొత్తాన్ని, ఆదేశాలను నడిపే షెల్‌కు అప్పగించడం ప్రమాదకరం. మీలో ఎవరైనా మెనూ రాయబోతే ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

ఇన్ని మెనూలు ఉండగా ఇంకొకటి ఎందుకని కొందరు అడిగారు. 2011లో గ్నోమ్ 3 పాత పద్ధతి మెనూను తీసేసినప్పుడు, అది నచ్చనివారు మాటే (MATE), సినమన్ వంటి డెస్క్‌టాప్‌లను రూపొందించుకున్నారు. 2013లో ఎక్స్‌ఎఫ్‌సీఈకి విస్కర్ మెనూ వచ్చింది. ఇవన్నీ మంచివే, మేము వాటి కోడ్ చదివే నేర్చుకున్నాం. మాకు కావలసింది తెలుగును మొదటి రోజు నుంచీ లెక్కలోకి తీసుకున్న మెనూ.

తెలుగుతో చిక్కులు కంటికి కనిపించే చోటే మొదలయ్యాయి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు సరిపోయేలా వరుసల ఎత్తును స్థిరంగా పెట్టినప్పుడు, 'వ్యవస్థ', 'స్ప్రెడ్‌షీట్' వంటి మాటల్లో వత్తులు కింద తెగిపోయాయి. కాబట్టి ఎత్తును పిక్సెళ్లలో రాయడం మానేసి, ఫాంటునే అడిగి తీసుకున్నాం. పరీక్షకు వాడిన ఫాంట్లలో పోతన 2000 ఒకటి. పోతన పుట్టిన బమ్మెర ఇక్కడికి దూరం కాదు; ఆ పేరున్న అక్షరాలు మన తెర మీద తెగిపోతే నాకు నిజంగానే బాధ కలిగింది. పొడవైన పేర్లను కత్తిరించి చుక్కలు పెట్టడంలో మరో చిక్కు వచ్చింది. 'చిత్రం' అన్న మాటను యూనికోడ్ (కంప్యూటరులో అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణం) సంకేతాల లెక్కన నాలుగో దగ్గర కోస్తే 'చిత్' అని మిగులుతుంది. చదివేవాడికి త్రం అనేది ఒకే అక్షరం. కంప్యూటరుకు అది నాలుగు సంకేతాలు. కోత అక్షరం చివర పడాలి తప్ప సంకేతం చివర కాదు.

వెతుకులాట ఇంకా లోతైనది. ఫైర్‌ఫాక్స్ అని కొందరు, ఫైర్ఫాక్స్ అని కొందరు రాస్తారు. మొదటిదానిలో రకారపొల్లు తరువాత కంటికి కనిపించని ఒక విభజక సంకేతం ఉంటుంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. ప్రింటర్, ప్రిన్టర్, ప్రింటరు మూడూ మన దగ్గర ఒకే వస్తువు. అందువల్ల పోల్చే ముందు రెండు వైపులా మాటలను ఒకే రూపానికి తెస్తాం: కనిపించని సంకేతాలను తీసేస్తాం, ఐత్వాన్ని ఒకే రకంగా మారుస్తాం, వర్గాక్షరానికి ముందు వచ్చే అనునాసికపు పొల్లును సున్నగా భావిస్తాం, మాట చివరి పొల్లునూ ఉకారాన్నీ వదిలేస్తాం. చివరి నియమం వల్ల అప్పుడప్పుడు అనవసరపు ఫలితాలు కూడా వస్తాయి. కావలసింది దొరకకపోవడం కంటే అక్కరలేనిది ఒకటి ఎక్కువ కనిపించడమే నయమని మేము నిర్ణయించుకున్నాం.

ఇక విడుదల. జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్సును ఎంచుకున్నాం, ఎందుకంటే మా కోడ్‌ను మార్చి పంచేవారు ఆ మార్పులను కూడా తెరిచి ఉంచాలని మా కోరిక. రెండో విడుదలలో నేను ఒక తప్పు చేశాను. అనువాదకులు పని ముగించి పంపిన తరువాత, విడుదలకు రెండు రోజుల ముందు మెనూలోని కొన్ని ఇంగ్లీషు వాక్యాలను సవరించాను. అనువాదాలు మూల వాక్యానికి ముడిపడి ఉంటాయి కాబట్టి ఆ వాక్యాల తెలుగు చెల్లకుండా పోయి, మెనూ సగం ఇంగ్లీషులో వెళ్లింది. పరకాల నుంచి రాత్రులు కూర్చుని అనువదించిన విద్యార్థి శ్రమ అది. అప్పటి నుంచి విడుదలకు మూడు వారాల ముందు వాక్యాలను స్తంభింపజేస్తున్నాం, ఎంత చిన్న దిద్దుబాటైనా ఆ గడువు దాటితే తరువాతి విడుదలకే.

విడుదల చేసినంత మాత్రాన పని ఆగదు. తెర మీద కిటికీలను చూపే కొత్త పద్ధతి అయిన వేలాండ్‌లో సాధారణ కిటికీ తనకు నచ్చిన చోట తాను నిలబడలేదు. అందుకు లేయర్ షెల్ అనే ఒప్పందం కొన్ని డెస్క్‌టాప్‌లలో ఉంది, గ్నోమ్‌లో లేదు. గ్నోమ్ కోసం దానికి తగిలించే భాగంగా, అంటే ఎక్స్‌టెన్షన్‌గా రాయాల్సి వచ్చింది. 2023లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్లు కోడ్‌ను దిగుమతి చేసుకునే పద్ధతే మారిపోయి, పాతవన్నీ తిరగరాయక తప్పలేదు.

ఆ గుమాస్తా అడిగిన పద్దు దగ్గరికి మళ్లీ వస్తాను. మొదట మేము తెలుగు మాటల పట్టికను మా మెనూలోనే పెట్టుకున్నాం: పద్దు, చిట్టా, ఖాతా, లెక్కలు అని. కొన్నాళ్లకు అది సరైన చోటు కాదనిపించింది, ఎందుకంటే దాని మేలు మా మెనూ వాడేవారికే పరిమితం. డాట్ డెస్క్‌టాప్ ఫైలులో వెతికే మాటలకు ప్రత్యేకంగా ఒక వరుస ఉంది, భాష వారీగా రాసుకునే వీలూ ఉంది; మాట అక్కడ చేరితే ఏ మెనూ అయినా దాన్ని చదవగలదు. కాబట్టి ఇప్పుడు మార్కెట్‌లో, బడిలో, మీసేవ కేంద్రంలో మనుషులు ఏ మాటతో ఏం వెతుకుతున్నారో వాళ్ల పక్కన కూర్చుని రాసుకుంటున్నాం. 'లెక్కలు' అంటే దుకాణంలో ఖాతా, బడిలో గణితం. అటువంటి మాట రెండు చోట్లా చేరాలి. వాటిని ఒక్కొక్క అప్లికేషన్ నిర్వాహకులకు కోడ్ సవరణగా, అంటే ప్యాచ్‌గా పంపుతున్నాం, అవి చేరిన కొద్దీ మా పట్టికలోంచి ఆ మాటలను తొలగిస్తున్నాం.