థిసిల్‌గోర్మ్ ఓడలో బైకుల దగ్గర చేతులు కట్టుకోండి

నమస్కారం అండీ. టార్చ్ వెలుగులో కనిపిస్తున్నవి చూడండి. మోటార్‌సైకిళ్లు! ఒక మిలిటరీ లారీ తొట్టిలో వరుసగా నిలబెట్టి ఉన్నాయి. చక్రాల సందుల్లోంచి చేపలు దూరి పోతున్నాయి. 1941 నుంచి ఇక్కడే ఉన్నాయి ఇవి.

ఈజిప్టు దగ్గర ఎర్ర సముద్రంలో, సుమారు 30 మీటర్ల లోతున ఉన్న బ్రిటిష్ సరుకు ఓడ ఇది. పేరు థిసిల్‌గోర్మ్. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో పోరాడుతున్న బ్రిటిష్ సైన్యం కోసం లారీలు, రైఫిళ్లు, బూట్లు, చివరికి రైలింజన్లు కూడా ఎక్కించుకుని, ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టి వచ్చింది. సూయెజ్ కాలువలోకి వెళ్లడానికి తన వంతు కోసం లంగరేసుకుని ఉండగా, అక్టోబర్ 6న అర్ధరాత్రి దాటాక జర్మన్ విమానం బాంబులు వేసింది. వెనక భాగంలో మందుగుండు సామగ్రి అంటుకుని పేలింది. ఆ పేలుడు ఎంత పెద్దదంటే, డెక్ మీదున్న రెండు రైలింజన్లూ ఎగిరి సముద్రంలో పడ్డాయి. ఇప్పటికీ అక్కడే ఇసుకలో ఉన్నాయి.

తొమ్మిది మంది చనిపోయారు. తప్పించుకునే వీలున్నా, గాయపడిన తోటివాడి కోసం మండుతున్న డెక్ మీద వెనక్కి పరిగెత్తిన నావికుడొకరు ఉన్నారు. ఆయనకి బ్రిటన్ సాహస పతకం జార్జ్ మెడల్ ఇచ్చారు. లోపలికి దూరే ముందు నాకు ఆయనే గుర్తొస్తారు.

1950లలో ఫ్రెంచ్ సముద్ర అన్వేషకుడు జాక్ కూస్టో బృందం దీన్ని కనిపెట్టింది. వాళ్లే ఒక బైకునీ, ఓడ గంటనీ పైకి తెచ్చేశారు. 1990లలో డైవర్ల రాక పెరిగాక, ఇక అడ్డూ అదుపూ లేకుండా పోయింది. ఈ బైకుని దగ్గరగా చూడండి. హెడ్‌లైట్ ఉండాల్సిన చోట ఖాళీ. ఎవరో విప్పుకుపోయారు. ఎవరింట్లోనో షోకేసులో ఉంటుంది. నాకు నిజంగా కడుపు మండుతుంది. పైన పడవలు ఓడకే తాళ్లు కట్టడం వల్ల కూడా ఇనుము ఊడి వచ్చింది. మనం వదిలే గాలి బుడగలు పైకప్పు కింద చేరి తుప్పుని ఇంకా పెంచుతాయి.

అందుకే వెళ్లేవాళ్లకి ఒక్క మాట. ప్రవాహం గట్టిగా ఉంటుంది, తాడు పట్టుకునే దిగండి. బాయన్సీ మీద, అంటే నీళ్లలో పైకి తేలకుండా, కిందికి మునగకుండా ఒకే లోతులో నిలబడటం మీద పట్టు రాకపోతే లోపలికి దూరొద్దు, బయటి నుంచి చూసినా తనివి తీరుతుంది. లోపల చేతులు ఛాతీకి ఆనించుకోండి. చిన్న బోల్టు కూడా ముట్టుకోకండి.

రండి, ఇప్పుడు బూట్లున్న గది వైపు వెళ్దాం.