ఈపాస్ లెక్కకూ బ్యాంకు జమకూ పొంతన ఎందుకు కుదరదు? (వీడియో స్క్రిప్ట్)

[తెర మీద రెండే అంకెలు: 1,78,50,000 – 1,24,10,000]

తెలంగాణలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం నుంచి ఈ ఏడాది రావాల్సింది కోటీ 78 లక్షల 50 వేలని అకౌంట్స్ సెక్షన్ పుస్తకంలో రాసుకుంది. స్కాలర్‌షిప్, ఫీజు దరఖాస్తులు నడిచే ప్రభుత్వ పోర్టల్ ఈపాస్‌లో మంజూరైంది కోటీ 24 లక్షల 10 వేలు. తేడా 54 లక్షల 40 వేలు. మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో దీన్ని "సర్కారు బకాయి" అని చదివేస్తారు. నిజానికి ఈ 54 లక్షల్లో సర్కారు బాకీ ఒక్క రూపాయి కూడా లేదు.

అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. తప్పు మాత్రం చాలా కాలేజీల్లో జరిగేదే. ఎలా జరిగిందో చూడాలంటే మొదట విద్యార్థుల లెక్క తేలాలి. డబ్బు లెక్క తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని, అందులోంచి వెనక్కి నడుస్తూ మధ్యలో దారి తప్పుతారు.

[తెర మీద: నాలుగు కాగితాలు ఒకదాని పక్కన ఒకటి]

మన ముందు నాలుగు జాబితాలు ఉండాలి. ఒకటి, కాలేజీలో నిజంగా చదువుతున్నవాళ్లది. రెండు, ఈపాస్ కాలేజీ లాగిన్‌లో కనిపించేవాళ్లది. మూడు, జిల్లా సంక్షేమ అధికారులు ఇచ్చిన మంజూరు ప్రొసీడింగ్స్‌లో, అంటే మంజూరు ఉత్తర్వుల్లో ఉన్నవాళ్లది. నాలుగు, బ్యాంకులో పడ్డ జమలు. మొదటి మూడింట్లో పేర్లుంటాయి, నాలుగోదాంట్లో మొత్తాలే ఉంటాయి. చిక్కంతా అక్కడే.

మొదటి జాబితాను ఎక్కడినుంచి తీయాలన్నది చిన్న విషయం కాదు. ఫీజు కౌంటర్ ఎక్సెల్ షీటు పనికిరాదు, అందులో ఫీజు కట్టినవాళ్లే ఉంటారు. హాజరు రిజిస్టరూ చాలదు, మానేసినవాళ్ల పేర్లు నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. అడ్మిషన్ రిజిస్టర్ తీసుకుని, యూనివర్సిటీకి పంపిన రోల్ లిస్టుతో కలిపి చూసి, టీసీ తీసుకున్నవాళ్లను తీసేసి, ఏ తేదీ నాటి లెక్కో పైన రాసి, ఆ ఫైలును ఇక ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఆ తేదీ తర్వాత వచ్చే మార్పులన్నీ వేరే షీటులో రాయాలి. తేదీ లేని జాబితాతో ఎంత పోల్చినా ఈరోజు వచ్చిన తేడా రేపు ఉండదు, ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడో మాట. ఒకే కాలేజీ యూనివర్సిటీకి ఒక సంఖ్య, కేంద్రం ఏటా చేసే ఉన్నత విద్యా సర్వే ఐషేకు ఇంకో సంఖ్య, ఈపాస్‌కు మరో సంఖ్య ఇస్తుంటుంది. మూడూ ఒకటి కానక్కర్లేదు. ఐషేలో అందరూ లెక్కకొస్తారు, ఈపాస్‌లో దరఖాస్తు చేసినవాళ్లే ఉంటారు. కానీ ఐషేలో ఎస్సీ విద్యార్థులు 60 మందని నింపి, ఈపాస్‌లో 90 మందికి ఫీజు తీసుకుంటే ఆడిటర్ మొదటి ప్రశ్న అదే.

[తెర మీద: ఎక్సెల్ షీటు, ఒక నిలువు వరుసకు పసుపు రంగు]

ఇక జాబితాలను జత చేయడం. పేరుతో జత చేయకండి. "వెంకట సాయి" ఒకచోట, "సాయి వెంకట్" ఇంకోచోట ఉంటుంది. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక. ఆధార్‌తో జత చేయొచ్చని అనిపిస్తుంది గానీ, ఆధార్ నంబర్లున్న షీటును ఆఫీసులో నలుగురి కంప్యూటర్లలో తిప్పడం మంచి పని కాదు. విద్యార్థి ఈపాస్‌లోకి వెళ్లేది పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీతోనే. మనకూ తాళం చెవి అదే. హాల్‌టికెట్ నంబరొక్కటే చాలదు, వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు బోర్డుల్లో అదే నంబరు ఇంకొకరికి ఉండొచ్చు. పాసైన సంవత్సరాన్ని, పుట్టిన తేదీని నంబరుకు అతికించి ఒకే కాలమ్ చేయండి. ఈపాస్ అప్లికేషన్ ఐడీని పక్క కాలమ్‌లో ఉంచండి. ప్రొసీడింగ్స్‌తో పోల్చేటప్పుడు అది అక్కరకొస్తుంది.

ఎక్సెల్ చేసే అల్లరి కొంత ఉంటుంది. నంబరు ముందు సున్నా ఉంటే మింగేస్తుంది. 12 అంకెల ఐడీని దశాంశంతో కుదించి చూపిస్తుంది. అందుకే ఫైలును నేరుగా తెరవకుండా ఎక్సెల్‌లోకి ఇంపోర్ట్ చేసేటప్పుడే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి. పోర్టల్ నుంచి దించిన ఫైల్లో నంబరు చివర కనిపించని ఖాళీ ఒకటి ఉండొచ్చు, మామూలు ఖాళీ అయితే ట్రిమ్ ఫార్ములా కొడితే పోతుంది. ఆ తర్వాతే వీలుకప్ (VLOOKUP), అంటే ఒక షీటులోని నంబరును ఇంకో షీటులో వెతికే ఫార్ములా. ఈ రెండు పనులు చేయకుండా వీలుకప్ కొట్టి "వంద మంది దొరకలేదు" అని కంగారు పడటం దండగ.

[తెర మీద: 412 – 297]

ఇప్పుడు మన ఉదాహరణ కాలేజీకి వద్దాం. రోల్‌లో 412 మంది. ఈపాస్‌లో 297 మంది. తీసివేసి 115 మంది దరఖాస్తు చేయలేదనుకుంటే పప్పులో కాలేసినట్టే.

జత చేస్తే 281 మంది రెండుచోట్లా ఉన్నారు. ఈపాస్‌లో ఉండి కాలేజీ రోల్‌లో లేనివాళ్లు 16 మంది. వీళ్ల దగ్గర ఆగాలి. వెతికితే ఏడుగురు టీసీ తీసుకుని వెళ్లిపోయారు. నలుగురు సీటొచ్చి కూడా చేరలేదు. మిగతా ఐదుగురు మన విద్యార్థులే, కాలేజీ రికార్డులో హాల్‌టికెట్ నంబరు తప్పు కొట్టారు. ఆ ఐదుగురిని సరిచేస్తే రెండుచోట్లా ఉన్నవాళ్లు 286 అవుతారు.

మిగిలిన 11 మంది పేర్లు కాలేజీ లాగిన్‌లో అలాగే వదిలేసి, ఎవరో పొరపాటున వెరిఫై చేసి పైకి పంపారంటే, చదవని పిల్లల పేరున ప్రభుత్వ సొమ్ము కాలేజీ ఖాతాలో పడుతుంది. రావాల్సిన డబ్బు ఆలస్యమైతే చిరాకు. రాకూడని డబ్బు వస్తే మాత్రం వసూలు నోటీసు, విచారణ. కాబట్టి ముందుగా తేల్చాల్సింది ఈ 11 మందినే. ఇప్పటికే డబ్బు పడి ఉంటే సంక్షేమ అధికారికి పేర్లతో రాసి, చలానా కట్టి, ఆ చలానా కాపీని సదరు ప్రొసీడింగ్స్ వెనక పిన్ చేయండి. తర్వాతి బిల్లులో సర్దుకుంటుందని ఊరుకోవద్దు. వెళ్లిపోయిన పిల్లవాడు కొత్త కాలేజీలో దరఖాస్తు చేస్తే పాత పేరు అడ్డం పడుతుంది, అతనికీ ఇబ్బందే.

ఇప్పుడు రెండోవైపు. రోల్‌లో ఉండి ఈపాస్‌లో లేనివాళ్లు 126 మంది. అందులో 74 మంది మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్లు. వీళ్లకు పథకమే వర్తించదు. 31 మందికి ఆదాయ పరిమితి దాటడం లాంటి కారణాలున్నాయి. బీసీ, ఈబీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు ఆ పరిమితి. మిగిలింది 21 మంది. అన్ని అర్హతలూ ఉండి దరఖాస్తు పెట్టనివాళ్లు వీళ్లే. గడువు ఉండగా ఈ 21 పేర్లు నోటీసు బోర్డు మీద పడాలి. వీళ్లలో ఎక్కువమంది రెన్యువల్ వాళ్లే ఉంటారు. మొదటి ఏడాది పెట్టాం కదా, తనంతట తానే వస్తుందనుకుంటారు.

[తెర మీద: 286ను నాలుగు ముక్కలు చేసిన పట్టీ]

286 మందిలో 238 మందికి మంజూరైంది. 22 మంది ఆధార్ ధ్రువీకరణకు వేలిముద్ర వేయలేదు. 15 మంది కాగితాలు కాలేజీ లాగిన్‌లోనే ఉన్నాయి, అంటే బంతి మన కోర్టులోనే ఉంది. 11 మందివి జిల్లా ఆఫీసులో ఉన్నాయి. జిల్లా ఆఫీసుకు వెళ్లే ముందు ఈ విభజన చేతిలో లేకపోతే, "మీ దగ్గరే పెండింగ్ ఉంది సార్" అనిపించుకుని తిరిగి రావడమే. అక్కడ కూడా ఒక్క టేబుల్ కాదు. ఎస్సీలకు ఒక అధికారి, ఎస్టీలకు ఒకరు, బీసీలకు ఒకరు, మైనారిటీలకు మరొకరు. శాఖల వారీగా జాబితా విడగొట్టుకుని వెళ్లండి.

75 శాతం హాజరు లేనివాళ్లు, డీటెయిన్ అయి అదే ఏడాది మళ్లీ చదువుతున్నవాళ్లు ఈ 286లో దాక్కుని ఉండొచ్చు. రోల్‌లో ఉంటారు, తరగతిలోనూ ఉంటారు, అయినా అదే ఏడాదికి రెండోసారి ఫీజు రాదు. హాజరు శాతాన్ని అంచనాగా వేసేయకుండా రిజిస్టర్ నుంచి తీసి నింపండి.

[తెర మీద: మళ్లీ మొదటి రెండు అంకెలు]

ఇప్పుడు డబ్బుకు వద్దాం. ఈ కాలేజీ ఫీజు ఏడాదికి 75,000 అనుకుందాం. అకౌంట్స్ వాళ్లు 238ని 75 వేలతో గుణించారు. కోటీ 78 లక్షల 50 వేలు వచ్చింది. కానీ నిబంధన అది కాదు. ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు. ఇంజనీరింగ్ బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకు 10 వేల లోపైతే పూర్తి ఫీజు, దాటితే మామూలుగా 35 వేలే. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిని ఆ ఏడాది ఉత్తర్వుల్లో చూసుకోవాలి.

మన 238 మందిలో ఎస్సీ, ఎస్టీలు 90 మంది: 67 లక్షల 50 వేలు. 10 వేల లోపు ర్యాంకున్న బీసీలు 12 మంది: 9 లక్షలు. మిగిలిన బీసీలు 136 మంది, తలా 35 వేల చొప్పున 47 లక్షల 60 వేలు. మూడూ కలిపితే కోటీ 24 లక్షల 10 వేలు. ఈపాస్ అంకె సరిగ్గా ఇదే. పోయిందనుకున్న 54 లక్షల 40 వేలు, 136 మందికి తలా 40 వేలు. అది విద్యార్థి కట్టాల్సిన వాటా. పుస్తకంలో అది విద్యార్థి పేరున ఉండాలి, ప్రభుత్వం పేరున కాదు. ఏళ్ల తరబడి సర్కారు బకాయి అని మోసుకొచ్చి, ఫైనలియర్‌లో పిల్లవాడు సర్టిఫికెట్లకు వచ్చిన రోజున లక్షా 60 వేలు కట్టమంటే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

గుణించే ముందు ఇంకొకటి చూడండి. ప్రొసీడింగ్స్‌లో రెండు రకాల సొమ్ము ఉంటుంది. ఆర్టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు. ఎంటీఎఫ్ అంటే విద్యార్థి నిర్వహణ ఖర్చు, అది మామూలుగా విద్యార్థి ఖాతాకు పోతుంది. రెండూ కలిపిన మొత్తాన్ని కాలేజీ రాబడిగా రాసుకుంటే ఆ తేడా ఎప్పటికీ తీరదు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు 2020 డిసెంబర్‌లో కేంద్ర కేబినెట్ 60, 40 వాటాల పద్ధతి ఖరారు చేసింది. కేంద్రం వాటా 60 శాతం, ఆ మార్గదర్శకాల ప్రకారం అది నేరుగా విద్యార్థి ఆధార్ అనుసంధాన ఖాతాకే వెళ్తుంది. కాబట్టి ఒకే విద్యార్థి ఫీజు రెండు దారుల్లో రావొచ్చు. ఎస్సీ విద్యార్థుల షీటులో ఇందుకోసం రెండు కాలమ్‌లు పెట్టండి.

[తెర మీద: ప్రొసీడింగ్స్ – బిల్లు – టోకెన్ – జమ]

మంజూరైందంటే డబ్బు వచ్చినట్టు కాదు. ప్రొసీడింగ్స్ తర్వాత బిల్లు తయారై ట్రెజరీకి వెళ్తుంది, టోకెన్ నంబరు పడుతుంది, నిధుల విడుదలను బట్టి పాసవుతుంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, విద్యా సంవత్సరం అప్పటికి ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆ తేదీకి పాస్ కాని బిల్లు వెనక్కి వచ్చి, కొత్త ఏడాదిలో మళ్లీ పెట్టాల్సి రావొచ్చు. అప్పుడు టోకెన్ మారుతుంది. పాత టోకెన్‌నే పట్టుకుని వెతుకుతుంటే ఏమీ దొరకదు.

బ్యాంకులో జమ పడినప్పుడు అది ఏ ఏడాదిదో స్టేట్‌మెంట్ చెప్పదు. ఈ నెల పడింది కదా అని ఈ ఏడాది ఖాతాలో రాసుకుంటారు. అది రెండేళ్ల కిందటి బ్యాచ్‌ది కావొచ్చు. అందుకే ప్రతి ప్రొసీడింగ్స్‌కు ఒక వరుస కేటాయించి శాఖ, విద్యా సంవత్సరం, విద్యార్థుల సంఖ్య, ఆర్టీఎఫ్ మొత్తం, టోకెన్, జమైన తేదీ, జమైన మొత్తం రాయండి. జమను ప్రొసీడింగ్స్ మొత్తంతోనే కలపాలి, కాలేజీ మొత్తం మంజూరుతో కాదు.

ఉదాహరణకు ఒక బీసీ ప్రొసీడింగ్స్‌లో 35 మంది, తలా 35 వేలు: 12,25,000. జమైంది 11,90,000. తేడా 35 వేలు, అంటే ఒక తల. ఎవరినో జాబితాలోంచి తీసేశారన్నమాట. తేడాను తల ఒక్కింటికి ఇచ్చే మొత్తంతో భాగిస్తే పూర్ణసంఖ్య వచ్చిందంటే మనుషుల్లో తేడా. రాకపోతే రేటులో తేడా, కోర్సు బ్రాంచి కోడు తప్పు పడటమో, పాత ఫీజు పట్టిక వాడటమో అయి ఉంటుంది. ఈ చిన్న భాగహారం గంటల వెతుకులాట తగ్గిస్తుంది.

జమ పడ్డాక విద్యార్థి వారీగా పంచి రాయడం మరిచిపోవద్దు. డబ్బు ఆలస్యమైందని ముందే చేతినుంచి ఫీజు కట్టిన విద్యార్థులుంటారు. వాళ్ల పేరున వచ్చిన సొమ్మును బ్యాంకు ద్వారా తిరిగి ఇచ్చి, ఆ వివరం అదే వరుసలో రాయాలి.

ఇంకా కుదరని తేడాకు జిల్లా ఆఫీసుకు రాసే ఉత్తరంలో మొత్తాలు రాయకండి. "మాకు ఇన్ని లక్షలు తక్కువ వచ్చాయి" అని రాసిన ఉత్తరం ఫైల్లోనే ఉండిపోతుంది. ప్రొసీడింగ్స్ నంబరు, తేదీ, ఆ ఒక్క విద్యార్థి అప్లికేషన్ ఐడీ, మంజూరైన మొత్తం, వచ్చిన మొత్తం, పక్కన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క పేజీ. సెక్షన్‌లో కూర్చున్నాయన అది చూసి వెంటనే ఆ ఐడీని తన కంప్యూటర్‌లో కొట్టగలిగేలా ఉండాలి.