పిట్ట దిగని పూట

అందరికీ నమస్కారం.

మా నాయనమ్మ పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. విస్తట్లో అన్నం, ఆమెకు ఇష్టమైన గారెలు, పక్కన కాస్త కల్లు. చెట్టు మీద రెండు కాకులున్నాయి గానీ ఎంతసేపటికీ దిగలేదు. చివరికి మా పెద్దనాన్న ముందుకొచ్చి, "అమ్మా, చిన్నదాని పెండ్లి మేం చేస్తం, నువ్వు రంది పెట్టుకోకు" అన్నాడు. కాసేపటికి కాకి వాలింది. అప్పటిదాకా బిగబట్టుకున్న వాళ్లందరూ ఒక్కసారిగా ఏడ్చారు.

చావు గురించి, ఆ తర్వాత ఏముందని మనుషులు నమ్మారో దాని గురించి పరిశోధించాలని వచ్చిన మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ విస్తరి ఏ చదువు శాఖ కిందికి వస్తుంది? ఫ్రెంచి పరిశోధకుడు రాబర్ట్ హెర్ట్జ్ 1907లో, బోర్నియో దీవిలోని దయాక్ తెగల కర్మకాండల ఆధారంగా, చావు ఒక్క క్షణంలో ముగిసేది కాదని రాశాడు. శవం, ఆత్మ, ఏడ్చేవాళ్లు, ముగ్గురూ కలిసి కొంతకాలం ప్రయాణం చేస్తారన్నాడు. ఆయన మాట మా ఇంటి విస్తరికీ సరిపోతుంది. కానీ అంతటితో ఆగితే కాకి మిగిలిపోతుంది.

పక్షుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. పార్సీలు నేలనూ నీటినీ నిప్పునూ పవిత్రమని భావించి, శవాన్ని దఖ్మాలో, అంటే పైకప్పు లేని గుండ్రటి కట్టడంలో, రాబందులకు అప్పగిస్తూ వచ్చారు. మూడు రాత్రులు ఇక్కడే ఉండే ఆత్మ, నాలుగో రోజు తెల్లవారుజామున, తీర్పు జరిగే చిన్వత్ వంతెన చేరుతుందని వాళ్ల నమ్మకం. తరతరాలుగా సాగిన ఈ పద్ధతిని దెబ్బతీసింది మతవాదమూ కాదు, ప్రభుత్వమూ కాదు, పశువులకు వేసే నొప్పుల మందు. డైక్లోఫెనాక్ వేసిన పశువు చచ్చాక దాని మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యేవి. 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన ఆ కారణాన్ని బయటపెట్టింది. 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. అప్పటికే చాలా ఆలస్యమైంది. 1992 నుంచి 2007 లోపు ఒక జాతి రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. ముంబైలో పార్సీల దఖ్మాలున్న డూంగర్‌వాడిలో సూర్యకాంతిని శవాల మీదికి మళ్లించే అద్దాలు పెట్టాల్సి వచ్చింది. దాన్ని ఒప్పుకోని కుటుంబాలున్నాయి, దహనానికి మళ్లిన కుటుంబాలూ ఉన్నాయి. ఇది పశువైద్యమా, పర్యావరణమా, మతమా? ఏ ఒక్కరు రాసినా సగమే రాసినట్టు.

ఇంకోవైపు అతి చేయడమూ ఉంది. మన ఊళ్ల బయట రాకాసి గుళ్లు చూసే ఉంటారు, ఇనుపయుగపు సమాధులు. కొన్నింటి రాతిపలకకు గుండ్రటి రంధ్రం ఉంటుంది. "ఆత్మ వెళ్లే దారి" అని రాసేయాలని చేతులు దురద పెడతాయి. తర్వాత చనిపోయినవాళ్ల ఎముకలు లోపల పెట్టడానికి కూడా అయ్యుండవచ్చు. కుండలు దొరుకుతాయి, ఇనుప పనిముట్లు దొరుకుతాయి, పెట్టినవాళ్ల మాట దొరకదు.

మాట దొరికే చోటు మన ఇళ్లే. అందుకే నా విన్నపం. పెద్దకర్మ అయ్యాకే ఆ గడప తొక్కండి. విస్తరి దగ్గర ఫోను బయటికి తీయకండి. వెళ్లగానే నమ్మకాల గురించి అడగవద్దు, ఏం వండి పెట్టారో అడగండి. ఆ వంట ఎవరికి ఎందుకు ఇష్టమో చెప్పడం మొదలుపెట్టాక, మిగతాది వాళ్లే చెబుతారు.